ఊఁ అన్న చెట్లు

సన్మానం ఘనంగానే జరిగింది. మునగచెట్టుకి జరీ శాలువా కప్పారు. మెడ ఎక్కడుందో తెలియక మొదటి పంగలో దండ వేశారు. వార్డు మెంబరు మైకు పట్టుకుని, "మన వీధి అభివృద్ధి కోసం ప్రాణత్యాగానికి సిద్ధపడిన ఈ వృక్షరాజం..." అంటూ గొంతు గద్గదం చేసుకున్నాడు. మునగచెట్టు వృక్షరాజం ఎప్పుడైందని ఎవరూ అడగలేదు. ఫొటోలు అయిపోయాక శాలువా జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. మర్నాడు పక్క వీధిలో వేపచెట్టుకి కప్పాల్సింది అదే మరి. ఆ తరువాత రంపం వచ్చింది.

2084 నాటికి ఇది ఏ ఊళ్లోనైనా కనిపించే తంతే. మేడమీద కిటికీలోంచి ఇదంతా చూస్తున్న డాక్టర్ ఇందుజ మాత్రం కర్టెను విసురుగా లాగేసింది. ఆ చెట్టు నోట 'ఊఁ' అనిపించిన యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే.

యంత్రం పేరు తరుశ్రవణి. జనం నోళ్లలో పడి అది 'ఊఁ పెట్టె' అయింది. చెట్టుకి మెదడు లేదు, నాలుక లేదు, కానీ ఒళ్లంతా విద్యుత్తు ఉంది. ఆకు తుంపితే వేళ్లదాకా సన్నని కెరటం పరుగెడుతుంది. ఈ సంగతి శాస్త్రవేత్తలకి ఎప్పటినుంచో తెలుసు. ఇందుజ చేసిందల్లా ఆ కెరటంతో మాట కలపడం. బెరడు కింద వెంట్రుకంత సూదులు గుచ్చుతారు, అవే ఎలక్ట్రోడులు. మనిషి అన్న మాటను పెట్టె సన్నని కంపనాలుగానూ రసాయన సంకేతాలుగానూ మార్చి వేళ్లకి అందిస్తుంది. బదులుగా వచ్చే కెరటాన్ని మన చెవికి వినపడే ధ్వనిగా మారుస్తుంది. ముల్లులా నిటారుగా లేచే కెరటం ఒకటి, నున్నగా లేచి దిగే కెరటం ఒకటి. నున్నటి కెరటాన్ని మొదటిసారి స్పీకర్లో విన్నప్పుడు ప్రయోగశాలలో అందరూ ఒక్కసారే నవ్వారు. అచ్చం మనిషి 'ఊఁ' అన్నట్టే ఉంది. వేరే భాషవాళ్లు కనిపెట్టి ఉంటే ఏం పేరు పెట్టేవారో గాని, బృందమంతా తెలుగువాళ్లే కాబట్టి దానికి 'ఊఁ' అనే పేరు పెట్టారు. పేరు పెట్టాక అర్థం కోసం వెతకాల్సిన పని ఎవరికీ కనపడలేదు.

పరీక్షలూ చేశారు. ఎండలో వాడిన చెట్టుని "నీళ్లు కావాలా?" అని అడిగితే ఊఁ అంది. కొమ్మ మీద కత్తితో గంటు పెడుతూ "నరకమంటావా?" అని అడిగితే ముల్లు కెరటం లేచింది. ఇంకేం కావాలి? ఇందుజ ఆ పెట్టెను శాసనసభకి మోసుకెళ్లింది. ఆవిడ పోరాటం వల్లే వృక్ష సమ్మతి చట్టం వచ్చింది. మనిషికంటే ఎత్తు పెరిగిన ఏ చెట్టునైనా దాని సమ్మతి లేనిదే నరకకూడదని ఆ చట్టం చెప్పింది. చావమంటే ఏ చెట్టు ఒప్పుకుంటుంది? ఇక రాష్ట్రంలో గొడ్డళ్లన్నీ తుప్పు పట్టాల్సిందేనని ఆవిడ ధైర్యం.

మొదటి నెలలోనే రోడ్డు పక్క ఒక తుమ్మచెట్టు ఊఁ అంది. ఆ తరువాత అడిగిన ప్రతి చెట్టూ ఊఁ అంది. దాంతో అధికారులకి పండగే పండగ. చెట్ల త్యాగబుద్ధి మీద పాటలు రాశారు, పాఠ్యపుస్తకాల్లో పెట్టారు, శాలువాలు కప్పారు. చట్టం రాకముందు ఒక చెట్టు కొట్టాలంటే ధర్నాలు జరిగేవి. ఇప్పుడు చెట్టే ఒప్పుకున్నాక ధర్నా ఎవరికోసం చేస్తారు?

పెట్టెల్లో ఎవరో మోసం చేస్తున్నారని ఇందుజ అనుమానించింది. వందలకొద్దీ పెట్టెలు విప్పి చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చెట్లకే మనుషులంటే విసుగు పుట్టిందేమో, ఇక చాల్లే అనుకుంటున్నాయేమో అని చివరికి ఆవిడే నమ్మడం మొదలుపెట్టింది. ఆ నమ్మకం ఆవిడని లోపల్లోపల తినేసింది.

శనివారం సాయంత్రం మద్దిలంక సంగతి తెలిసింది.

గోదావరి కాలవ గట్టు మీద బారుగా నిలబడ్డ నల్లమద్ది చెట్ల ఊరది. ఇందుజ మొట్టమొదటి సూదులు గుచ్చింది అక్కడే, గట్టు చివరనున్న పెద్దమద్దికి. ఎనిమిదేళ్లు దాని నీడలో కూర్చుని పని చేసింది. అన్నం డబ్బా అక్కడే విప్పేది. మొగుడితో గొడవైతే దానికే చెప్పుకునేది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం దాన్నానుకునే ఏడ్చింది. గాలి తీసేసిన గొట్టాల్లో బళ్లు నడిపే గాలిబాట సంస్థవాళ్లు ఇప్పుడా గట్టు మీదుగా గొట్టం వేస్తారట. వృక్షాధికారి పెట్టె పట్టుకెళ్లి అడిగితే చెట్లన్నీ ఊఁ అన్నాయట. సోమవారం మధ్యాహ్నం నుంచి నరుక్కోవచ్చని అనుమతి కూడా వచ్చేసింది.

పెద్దమద్ది కూడా ఊఁ అందని విన్నప్పుడు ఇందుజకి కోపం రాలేదు, అవమానంగా అనిపించింది. 'నాతో ఒక్క మాటైనా అనకుండా ఒప్పేసుకుందా!' అనుకుని రాత్రంతా దిండు తడుపుకుంది.

ఆదివారం పొద్దున భర్త ఫణి ఉప్మా తింటూ కళ్లద్దాల్లో క్రికెట్ చూస్తున్నాడు.

"మద్దిలంక వెళ్లొద్దాం. ఆఖరిసారి చూసినట్టుంటుంది. వస్తావా?" అంది ఇందుజ.

"ఊఁ."

"ఇప్పుడే బయల్దేరదాం."

"ఊఁ."

కానీ ఫణి కుర్చీలోంచి కదల్లేదు. చెంచా నోటికీ పళ్లేనికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఇందుజ కాసేపు చూసింది. ఆవిడకి ఒళ్లు మండింది.

"మీ అమ్మగారి ఇల్లు అమ్మేసి ఒంటెని కొందామా?"

"ఊఁ."

"దాన్ని మీ ఆఫీసులో కట్టేద్దామా?"

"ఊఁ... ఊఁ."

ఇందుజ చేతిలో గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. ఫణి ఉలిక్కిపడి అద్దాలు తీశాడు. "ఏంటి? వింటూనే ఉన్నాగా!"

"ఏమన్నావ్?"

"వింటున్నానన్నాను. ఇప్పుడు నేనేం తప్పన్నానే బాబూ?"

ఆవిడ అప్పటికే గుమ్మం దాటేసింది. తిట్టకుండా వెళ్లిపోయినందుకు ఫణికి మరింత భయమేసింది.

మద్దిలంక గట్టు మీద మరరంపాలు వరసగా నిలబడి ఉన్నాయి. మనిషి తోలక్కర్లేని యంత్రాలవి. ఆజ్ఞ అందితే వాటంతటవే చెట్టు దగ్గరికి నడుస్తాయి. ప్రతి మాను మీదా ఎర్రరంగు గీత ఉంది. ఇందుజ పెద్దమద్ది దగ్గర కూలబడి, పాత సూదులకే పెట్టె తగిలించింది. 

"నిన్ను నరకమంటావా?"

"ఊఁ," అంది చెట్టు.

"నరకొద్దంటావా?"

"ఊఁ."

ఇన్నేళ్లలో ఆ రెండో ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఇందుజ అడగడం మానేసి, ఊరికే చెప్పడం మొదలుపెట్టింది. మునగచెట్టు సన్మానం సంగతి చెప్పింది. ఒంటె సంగతి చెప్పింది. ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా చెట్టు ఊఁ అంది. మాట మధ్యలో ఒక్కసారీ అనలేదు. పిల్లలకి కథ చెప్పేటప్పుడు "ఊఁ కొట్టు, లేకపోతే చెప్పను" అంటారే, ఆ పిల్లలు కొట్టే ఊఁ అది. వింటున్నాను, తరువాత ఏమైంది అనడం. అంతే.

"అయ్యో నా తల్లీ! నువ్వు ఒప్పుకోలేదా?" అంది ఇందుజ, బెరడుకి చెంప ఆనించి.

"ఊఁ," అంది చెట్టు.

ఆవిడ నవ్వింది, ఏడ్చింది. గంటు పెట్టినప్పుడు లేచిన ముల్లు కెరటం జవాబు కాదని కూడా అప్పుడే అర్థమైంది. అది నొప్పికి పెట్టిన కేక. చెట్లు ఇన్నాళ్లూ మనిషికి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చెప్పిందల్లా విన్నాయి. ఊఁ కొట్టినందుకే వాటిని నరికేశారు.

సోమవారం పొద్దున్నే జిల్లా వృక్ష న్యాయస్థానంలో అత్యవసర పిటిషన్ వేసింది. లాయరుని పెట్టుకునే వ్యవధి లేదు. తానే వాదించుకుంటానంది.

న్యాయమూర్తి బులుసు సదాశివం గారంటే ఆ కోర్టులో అందరికీ ఇష్టం. ఎవరు ఎంతసేపు మాట్లాడినా అడ్డు తగలరు. బుగ్గన చెయ్యి పెట్టుకుని, కళ్లు సగం మూసి, నింపాదిగా వింటారు. గాలిబాట తరఫున వచ్చిన జంపన రంగరాజు పేరు మోసిన లాయరు. ఇందుజ పెద్దమద్ది దగ్గర వదిలొచ్చిన పెట్టెని కోర్టుహాలులోని స్పీకరుకి కలిపారు. ఇక్కడ మైకులో మాట్లాడితే అక్కడ చెట్టుకి అందుతుంది. చెట్టు బదులు ఇక్కడ వినపడుతుంది.

ఇందుజ జరిగిందంతా చెప్పింది. ఎక్కడ ఆగినా చెట్టు ఊఁ అంటోంది. న్యాయమూర్తి కూడా ఊఁ అంటున్నారు. వెనక బల్లల మీద కూర్చున్న జూనియర్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

రంగరాజు లేచాడు. "డాక్టరుగారూ, ఊఁ అంటే సమ్మతేనని శాసనసభ కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పింది తమరే కదండీ?"

"నేనే."

"మరి అప్పుడు అబద్ధం చెప్పారా? ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడు తప్పు చెప్పాను. ఇప్పుడు దిద్దుకుంటున్నాను."

"బావుందండీ. మీరు దిద్దుకునే లోపల రాష్ట్రంలో సగం రోడ్లు పడ్డాయి. అవన్నీ పీకేయమంటారా?" అని మైకు దగ్గరికి వంగాడు. "ఏమ్మా, నువ్వు మద్దిచెట్టువేనా?"

"ఊఁ," అంది స్పీకరు.

"చిత్తగించండి. నిజమే చెబుతోంది. తానెవరో తనకి తెలుసు."

"ఇప్పుడు, నువ్వు రంగరాజుగారి మేనల్లుడివా అని అడగండి," అంది ఇందుజ.

రంగరాజు అడగలేదు. ఆవిడే అడిగింది. చెట్టు ఊఁ అంది. హాలంతా గొల్లుమంది. రంగరాజు కూడా నవ్వేశాడు గాని, కాలరు దగ్గర ఒకసారి వేలు పెట్టి సర్దుకున్నాడు.

ఆ నవ్వులో ఇందుజ చూపు గోడ గడియారం మీద పడింది.  అనుమతి అమల్లోకి వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, పన్నెండు కొడితే రంపాలు కదుల్తాయి. అవి ఒకసారి నడిచాయంటే తమరు తీర్పు ఎంత బాగా రాసినా లాభం లేదు. తీర్పు వచ్చేదాకా వాటిని ఆపించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఊఁ," అన్నారు న్యాయమూర్తి. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "భోజనం తరువాత తీర్పు చెబుతాను," అని లేచారు.

ఇందుజకి ఒళ్లు తేలికైపోయింది.  రంగరాజు కోర్టు గుమస్తా దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో అడిగాడు. గుమస్తా తల అడ్డంగా ఊపాడు. రంగరాజు ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. రంపాలు ఆపమని చెప్పడానికే వెళ్లాడనుకుంది ఇందుజ. ఎంతైనా పెద్దమనిషి అనుకుంది కూడా. క్యాంటీనులో పెరుగన్నం తింటూ ఫణికి ఫోను చేసింది.

"జడ్జిగారు ఒప్పుకున్నారు. రంపాలు ఆగిపోయాయి."

"నిజంగానా! ఆర్డరు చేతికిచ్చారా?"

"మధ్యాహ్నం ఇస్తార్లే. అందరి ముందూ ఊఁ అన్నారుగా."

ఫణి ఏదో అనబోయి, మళ్లీ గొడవెందుకని ఊరుకున్నాడు.

భోజనాల తరువాత గుమస్తా స్పీకరు తిరిగి ఆన్ చేశాడు. న్యాయమూర్తి కళ్లజోడు పెట్టుకుని తీర్పు చదవడం మొదలుపెట్టారు. మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాటలు మద్దిలంకకీ చేరుతున్నాయి.

"పిటిషనరు వాదనలో బలం ఉందని ఈ న్యాయస్థానం భావిస్తోంది."

"ఊఁ," అంది స్పీకరు.

ఇందుజ కళ్లు తుడుచుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఊఁ అనడం విన్నదనడానికి గుర్తే తప్ప, ఒప్పుకున్నదనడానికి గుర్తు కాదు."

"ఊఁ."

"కాబట్టి స్పష్టమైన మాట గాని, రాతపూర్వకమైన ఆధారం గాని లేకుండా, కేవలం ఊఁ అన్నంత మాత్రాన దాన్ని సమ్మతిగా గాని, ఆజ్ఞగా గాని, వాగ్దానంగా గాని ఇకమీదట ఎక్కడా ఎవరూ పరిగణించరాదు."

న్యాయమూర్తి ఆగారు. స్పీకరులోంచి ఊఁ రాలేదు.

ఇందుజ తలెత్తింది. కెరటం ముల్లులా లేచింది. ప్రయోగశాలలో చిన్న గంటుకి లేచిన ముల్లు కాదది. స్పీకరు చిరిగిపోతుందేమో అనిపించేంత కేక. ముందు వరసలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. కేక ఎంతకీ ఆగలేదు. ఆగాక సన్నటి గరగర తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఏమైంది?" అన్నారు న్యాయమూర్తి.

"నరికేశారు!" ఇందుజ గొంతు కీచుమంది. "అయ్యా, నరికేశారు! తమరు ఆపమన్నాక కూడా నరికేశారు! ఈయన ఫోను చేసింది అందుకా?"

రంగరాజు లేచి నిలబడ్డాడు. అతని ముఖంలోనూ రక్తం లేదు. ఆ కేక అతనూ విన్నాడు మరి. కానీ గొంతు మాత్రం తొణకలేదు.

"అనుమతి పన్నెండు నుంచి అమల్లో ఉందండీ. స్టే ఏమైనా ఇచ్చారా అని గుమస్తాగారిని అడిగే ఫోను చేశాను. లేదన్నారు. గట్టు ఆ చివర నుంచి మొదలుపెట్టారు. ఇదే ఆఖరి చెట్టు అనుకుంటానండీ."

"ఇచ్చారు! నేను ఆపించమని అడిగాను. వారు ఊఁ అన్నారు! అందరూ విన్నారు!"

 రంగరాజు తలొంచుకుని, న్యాయమూర్తి చేతిలో ఉన్న కాగితం వైపు చెయ్యి చూపించాడు.

"క్షమించాలి. తమరు ఇప్పుడే ఇచ్చిన తీర్పు ప్రకారం, ఊఁ అన్నంత మాత్రాన ఆజ్ఞ కాదండీ. అది డాక్టరుగారే గెలుచుకున్న తీర్పు."

న్యాయమూర్తి సదాశివం గారు తన చేతిలోని కాగితాన్ని తానెన్నడూ చూడనట్టు చూశారు. ఆ పూట తానన్న ఊఁకి అర్థమేమిటో ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. ఒప్పుకున్నారా? విన్నారా? ఆకలేసి త్వరగా లేవాలనుకున్నారా? ఆయనకే తెలియలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి ఊఁలు ఎన్ని అన్నారో లెక్కేసుకునే ధైర్యమూ చాలలేదు.

"నేను విన్నానమ్మా," అన్నారు చివరికి, మెల్లగా. "విన్నానని అన్నాను."

ఇందుజ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. చెట్టు సంగతి కనిపెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. మనిషి సంగతి ఆదివారం పొద్దున ఉప్మా బల్ల దగ్గరే తెలిసింది. అయినా సోమవారానికి మళ్లీ నమ్మేసింది.

"ఈ చట్టం కింద ఇంకా వేల చెట్లకి గీతలు పెట్టి ఉంచారండీ," అంది. "వాటికి ఈ తీర్పు ఇవాళే చేరాలి. ఇవాళే. రేపటికి ఉండవు."

"జరిగింది చాలా విచారకరం. మీరు చెప్పదలుచుకున్నది అర్జీగా పెట్టండమ్మా. చూద్దాం."

"చూస్తారా?"

"ఊఁ," అన్నారు న్యాయమూర్తి.